చనిపోయినవాళ్ళ మేకు

ఆ ఆటను బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు సెలవులకు వస్తూ తెచ్చాడు. బోర్డూ లేదు, పేకముక్కలూ లేవు. ఒకరు కథ చెబుతూ పోతారు, తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర అయి ఆ కథలో తిరుగుతారు. ఎదురైన పులిని చంపుతారా, పులి నోట పడతారా అన్నది పాచిక తేలుస్తుంది. ఒక్కో కథ నెలల తరబడి సాగుతుంది. కథ చెప్పే పెత్తనం నాది. బ్రూస్‌పేటలో మా ఇంటి ముందుగదిలో ఆదివారం మధ్యాహ్నాలు నేను చెప్పిందే వేదం.

ఎవరి బలమెంత, ఎవరి సంచిలో ఏముంది అన్నది గుర్తుండక పాత్రకొక కార్డు చేశాను. పెళ్ళిపత్రికలు వేసే ప్రెస్సులో మిగిలిన మందపాటి అట్టలు తెచ్చి, గళ్ళు గీసి, పైన బొమ్మకు చోటు వదిలాను. బొమ్మలు గీయడం నాకు రాదు. గనులు జోరుగా నడుస్తున్న ఆ రోజుల్లో మైనుకు పోయే ప్రతివాడి జేబులోనూ గేటు పాసుకని తీయించుకోగా మిగిలిన ఫోటోలుండేవి. మాలో గేటు పాసు లేనివాళ్ళకు కాలేజీ ఫోటోలుండేవి. వాటినే అతికించాం. దెబ్బ తగిలితే పెన్సిల్ గీత. పాత్ర చనిపోతే మాత్రం, పోయినవాళ్ళ పటానికి పెట్టినట్టే, ఫోటో నుదుట కుంకుమ బొట్టు పెట్టి గోడ మీది మేకుకు తగిలించాలని నియమం పెట్టాను. అందరూ పగలబడి నవ్వారు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు.

మొదట పోయింది తమ్ముడి స్నేహితుడి పాత్ర. మా వీధి పిల్లవాడే, యశ్వంతనగర్ దగ్గర మైనులో టిప్పర్ తోలేవాడు. కథలో కొండచరియ మీంచి దూకబోతే పాచికలో ఒకటి పడింది. నేను బొట్టు పెట్టాను. వాడే నవ్వుతూ తన కార్డును మేకుకు గుచ్చాడు.

తర్వాతి ఆదివారం వాడు ఆటకు కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, నిన్న గేటు కాడ వాచ్‌మన్ నన్ను లోపలికి ఇడ్సల్యా. పాసు చూసి, ఈ ఫోటోలో ఉండేది నువ్వు కాదప్పా అన్యాడు. రోజూ చూసేవోడే."

"మొహం కడుక్కొని పోవాల్సింది," అన్నాను. ఎర్రదుమ్ము కనురెప్పల దాకా పట్టి, ఆ రోడ్డు మీది డ్రైవర్లందరూ ఒకే తల్లి పిల్లల్లా ఉండేవారు.

"కడుక్కునే పోయినా. హోటల్లో టీ ఇచ్చే పిల్లోడు అందరికీ ఇచ్చి నన్ను దాటుకొని పాయె. నేను ఆడ ఉండేదే కనపడనట్ల. ఆ బొట్టు తుడ్సెయ్యక్కా."

"ఏందిది, సుమ్నే ఊరికే ఆడే ఆట కదప్పా," అన్నాడు తమ్ముడు.

నేను ఒప్పుకోలేదు. చచ్చినవాడు లేచి వస్తే ఇంక పాచికకు విలువేముంది? చచ్చినవాళ్ళ లెక్క తప్పితే ఆటే లేదన్నాను. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది. వాడు గోడవైపు చూశాడు. నేనూ చూశాను. నేను పెట్టింది మిరియపు గింజంత బొట్టు. అది ముక్కు మీదికి దిగి ఉంది. గనుల దుమ్ము అంటుకుని ఉంటుందని పైకి అన్నాను గానీ, చుట్టూ గోడ తెల్లగానే ఉంది.

మరునాటి నుంచి వాడు బండి ఎక్కలేదు. అద్దంలో వెనకొచ్చే లారీలు కనబడుతున్నాయి గానీ తన మొహం కనబడటం లేదంటున్నాడని తమ్ముడు చెప్పాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఆ వారంలోనే ఒక పొద్దున వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. భర్త పోయినప్పటి నుంచి నుదుట బొట్టు లేని మనిషి. కొడుకును గేటు బయటే నిలబెట్టింది. ఆమెను చూడగానే నా మొండితనమంతా జారిపోయింది.

"ఇప్పుడే తుడిచేస్తాను పెద్దమ్మా," అని లేచాను.

"తుడిస్తే పోతాదా తల్లీ? సచ్చినోళ్ళ లెక్క తప్పకూడదంటివంట. తప్పనీయొద్దులే. లెక్క అట్లే ఉండనీ, మనిషిని మార్సుదాం. రెండు అన్నం మెతుకులు తే."

కార్డు మీది కొడుకు ఫోటోను గోటితో నెమ్మదిగా ఊడదీసి రవికలో దాచుకుంది. కొంగు ముడి విప్పి, రేషన్ కార్డు కోసం తీయించుకున్న తన ఫోటో తీసింది. మెతుకులు నలిపి ఆ చోటనే అతికించింది.

"పెట్టు," అంది.

నేను పెట్టలేనన్నాను. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఆమె కోప్పడలేదు. నా చూపుడు వేలు పట్టుకుని కుంకుమ భరిణెలో ముంచి, ఫోటోలోని తన నుదుటికి ఒత్తింది. కార్డు తానే మేకుకు గుచ్చి, గేటు బయట నిలబడ్డ కొడుకు వైపు తిరిగింది.

"ఇంగ పో నాయనా. బండి ఎక్కు."