తీతువుకు మంచమంత చోటు

తిరుత్తణి దగ్గరి కనకమ్మ సత్రం అనే ఊళ్లో వనజాక్షికి ఎదురుగా కూర్చుని విందు భోజనం చేయాలంటే గుండెధైర్యం కావాలి. ఆకులో అన్నం వదిలి లేచేవాళ్లను ఆమె ఊరికే పోనివ్వదు. పెళ్లికొడుకు మేనమామ అయినా సరే, "ఆ పిడికెడు పండేదానికి నాలుగు నెలలు పడతాది సామీ, తినేసి లెయ్" అని పదిమందిలో అనేస్తుంది. అందుకే చుట్టాలు ముందుగా ఆమె ఏ పంక్తిలో ఉందో చూసుకుని, ఆమె కంటికి అందని మూల వెతుక్కుంటారు. అలాగని ఆమెను పెళ్లికి పిలవకుండానూ ఉండలేరు. ఎంతమందికి ఎన్ని పడుల బియ్యం పోయాలో మెతుకు మిగలకుండా చెప్పగలిగేది ఆ ఊళ్లో ఆవిడ ఒక్కతే.

ఆమెకు యాభై నాలుగేళ్లు. పుట్టింది అత్తిమంజేరిపేటలో, తెలుగు మాట్లాడే రైతుల ఇంట్లో. ఎనిమిది దాకా చదివింది అరవంలో. తెలుగు నోటినిండా ఉంది గాని చదవమంటే తెల్లమొహం వేస్తుంది. మొగుడు ఏకాంబరానికి తిరుత్తణి రోడ్డును ఆనుకుని రెండెకరాల చేను, ఇంటి వెనక రెండు ఆవులు ఉన్నాయి. కూతురు వైష్ణవి తిరువళ్లూరులో ఒక ఆఫీసులో పనిచేస్తూ రోజూ బస్సులో పోయి వస్తుంది. ఆ అమ్మాయి కొత్త ఫోను కొనుక్కుని పాతది తల్లికిచ్చింది. అప్పటినుంచీ వనజాక్షికి ప్రపంచంతో రాకపోకలు మొదలయ్యాయి.

సీరియళ్లు ఆమె కంటికి ఆనవు. పాలు పితికి సొసైటీలో పోసి వచ్చాక, గడప మీద కూర్చుని ఆమె చూసేవన్నీ ఎక్కడెక్కడివాళ్లో చేసే మంచిపనులే. అస్సాంలో ఆడవాళ్లు ఒక పెద్ద కొంగజాతిని కాపాడడానికి దాని బొమ్మను చీరల మీద నేసుకుని మరీ తిరుగుతున్నారు. ఫ్రాన్సులో పెద్ద దుకాణాలవాళ్లు మిగిలిన తిండిని పారేయకూడదని చట్టమే ఉంది. ఆఫ్రికాలో ఖడ్గమృగాలకు తుపాకులు పట్టుకుని కాపలా కాసేవాళ్లున్నారు. ఒక్కొక్కరినీ చూసి వనజాక్షి, వాళ్లకు వినబడుతుందన్నట్టు, "నీ కడుపు చల్లగుండ!" అని గట్టిగా దీవిస్తుంది. ఫ్రాన్సు చట్టం సంగతి విన్న రోజైతే, తనను ఎప్పుడో ఎవరో అడిగి చేసినట్టే సంబరపడిపోయింది.

కానీ వాటన్నిటిలోకీ ఆమె మనసుకు పట్టింది హాలండు దేశపు ముసలి రైతు వీడియో. ఆయన ట్రాక్టరు దిగి, దుక్కిలో నేలమీదున్న నాలుగు గుడ్లను చూసి, వాటికి కాస్త ఎడంగా కర్రలు పాతి, ట్రాక్టరును పక్కకు తిప్పుకుని పోతాడు. అక్కడ చాలామంది అలా చేస్తారట. ఆ గుడ్లు పెట్టే పిట్ట మన తీతువుకు దగ్గరి చుట్టం.

తీతువు తెలియనివాళ్లు ఎవరు? పొడుగు పచ్చకాళ్లు, కంటిపక్కన ఎర్రటి కండ, మనిషి అలికిడైతే చాలు టీటీటిట్టీ అని ఊరంతా లేపే నోరు. అరవంలో దాన్ని ఆళ్‌కాట్టి అంటారు. గూడు కట్టదు. వట్టి నేలమీద, మట్టిరంగులోనే నాలుగు గుడ్లు పెట్టుకుంటుంది. నిరుడు అలా పెట్టిన గుడ్లు ట్రాక్టరుకు తగిలించిన రోటవేటర్ కింద పొడైపోయాయి. వనజాక్షి అప్పుడు గట్టు మీదే కూర్చుని ఉంది. ఆమెకు తెలిసేలోగా అంతా అయిపోయింది. ఆ పిట్టల జంట రెండు రోజులు ఆ చాలు మీదే తిరుగుతూ అరిచింది. రెండు రోజులూ ఆమెకు ముద్ద దిగలేదు. ఈసారి ఒక్క గుడ్డు కూడా పోనివ్వకూడదని అప్పుడే అనుకుంది.

ఏకాంబరం సంగతి వేరు. తీతువు ఇంటిమీద అరిస్తే చావు కబురొస్తుందని వాళ్లమ్మ నూరిపోసింది. అరవై ఏళ్లొచ్చినా ఆ భయం పోలేదు. దాని పేరు కూడా పలకడు, 'అది' అంటాడు. అందుకే ఈ ఏడు ఆడి నెల అదునుకు వేరుశనగ వేద్దామని దుక్కికి సిద్ధమైన రోజు, చేను నడిమధ్యన నాలుగు గుడ్లున్నాయని భార్య చెప్పగానే అతని మొహం మాడిపోయింది.

"అది మన చేన్లోనే యాడ పెట్టాలా? ఊళ్లో ఇంకెవురికీ చేన్లు లేవా?" అన్నాడు.

"నువ్వు మంచోడివని తెలిసి పెట్టిందిలే" అంది వనజాక్షి.

గుడ్లకు ఎడంగా నాలుగు కర్రలు పాతింది. ట్రాక్టరు డ్రైవరు ఎక్కి కూర్చుని, పైనుంచి కర్రలు కనబడవు అత్తా, ఏదైనా గుడ్డ కట్టు అన్నాడు. చేతికి అందింది తిరుత్తణి మొక్కుకని ఎప్పుడో కట్టిన పసుపుపచ్చ చీర. దాన్ని చింపి నాలుగు జెండాలు కట్టింది. ట్రాక్టరు చుట్టూ తిరిగి పోయింది. మంచమంత చోటు దున్నకుండా మిగిలింది. ఇది మహా తెలివైన పని అని వనజాక్షి మూడు వారాలు మురిసింది. తిరుత్తణి రోడ్డు పక్కన, ఆడి నెలలో, పసుపుపచ్చ గుడ్డ కడితే ఏమవుతుందో ఆ ఊరి మనిషై ఉండి ఆమెకు తట్టలేదు. దీన్ని ఏమనాలో నాకైతే తెలియడం లేదు.

రోజూ పాలు పోసి వచ్చాక గట్టున కూర్చుని చూసేది. ఎండ ముదిరితే పిట్ట లేచి కాలువ దాకా పోయి, కడుపు ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఆడా మగా వంతులేసుకుని పొదిగేవి. "చూడయ్యా, మగది కూడా కూర్చుంటాది" అని ఏకాంబరానికి వినబడేలా అనేది. చుట్టూ వేరుశనగ మొలకలు రెండాకులు తొడిగాయి.

ఆడి కృత్తిక వచ్చింది. తిరుత్తణి మురుగన్‌కు కావళ్లు మోసుకుంటూ జనం తెల్లవారినప్పటినుంచీ రోడ్డు పొడుగునా నడిచిపోతున్నారు. పసుపు బట్టలు, డప్పులు, అరోహరా కేకలు. ఎవరో ఒక భక్తుడు చేనువైపు చూశాడు. పచ్చని చేను మధ్య దున్నని చోటు, నాలుగు పసుపు జెండాలు! దిగి వెళ్లి కర్పూరం వెలిగించాడు. ఒకడు వెలిగించాక రెండోవాడు ఆగుతాడా?

వనజాక్షి సొసైటీ నుంచి తిరిగి వచ్చేసరికి చేన్లో తిరునాళ్ల జరుగుతోంది. కొబ్బరికాయలు కొడుతున్నారు, విభూతి చల్లుతున్నారు, మొలకలు కాళ్లకింద నలిగిపోతున్నాయి. వరుసలో ముందు నిలబడి చేతులు జోడించింది ఎవరనుకున్నారు? ఏకాంబరం! ఆ కర్రలు ఎవరు పాతారో అతనికి బాగా తెలుసు. అయినా కర్పూరం వెలుగు చూడగానే చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

తీతువులు రెండూ పైన గిరగిరా తిరుగుతూ గొంతు చించుకుంటున్నాయి. డప్పుల మోతలో అవి ఎవరికీ వినబడలేదు. ఎండ నెత్తిమీదికి వస్తోంది. ఎంతసేపైందో తెలియదు. ఇంకాసేపు ఇలాగే ఉంటే లోపల పిల్లలు ఉడికిపోతాయని వనజాక్షికి అర్థమైంది. పాలక్యాను అక్కడే పడేసి, జుట్టు విడిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తింది.

"లేయండి! పొండి ఈడనించి! నా బిడ్డలు చస్తా ఉండారు! పొండి!"

జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గి, ఒక్కసారిగా దండం పెట్టారు. అమ్మవారు పూనిందన్నారు. ఒకామె చెంబుడు పసుపునీళ్లు ఆమె నెత్తిన గుమ్మరించింది. ఇంకొకామె వేపమండ చేతిలో పెట్టి, "తల్లీ, మా నివేదకు ఈ తై నెలలోనైనా పెండ్లి అవుతుందా?" అని అడిగింది.

వనజాక్షికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. అవును, నేను అమ్మవారినే, అందరూ పోండి అంటే చాలు, పోతారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కృత్తిక పూట, కావళ్ల ముందు, పూనని దేవత పూనిందని ఎలా చెప్పడం? తడిసిన మొహంతో ఏడుస్తూ నిలబడిపోయింది.

కావడి దించి ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. పేరు శివరామయ్య. తిరునిన్రవూరు నుంచి తన గుంపును ఏటా నడిపించుకొచ్చే మనిషి. ఆమె కేకలు తెలుగులో ఉన్నాయని విని, తెలుగులోనే మెల్లగా అడిగాడు.

"అమ్మా, నువ్వెవురు? ఏం కావాల నీకు?"

"నేను వనజాక్షిని. అదో, ఆ దండం పెట్టుకున్నాయన పెండ్లాన్ని. ఈ చేను మాది. ఆడ సామి లేడు పెద్దాయనా. పిట్ట గుడ్లుండాయి. ట్రాక్టరు తొక్కకుండా నేనే గుడ్డలు కట్టినా. మీరందరూ ఉంటే తల్లి దిగదు. ఎండకు పిల్లలు చచ్చిపోతాయి."

శివరామయ్య వంగి చూశాడు. కర్పూరం పళ్లేనికి జానెడు దూరంలో నాలుగు గుడ్లు, వాటి మీద విభూతి పొడి. ఆయన మొహం పాలిపోయింది. ముందు డప్పులు ఆపించాడు. తర్వాత చెయ్యెత్తి అరవంలో రెండే మాటలు చెప్పాడు: ఇక్కడ ఒక తల్లి ఇంటికి రావాలి, మనం దారివ్వాలి.

జనం మొలకలు తొక్కకుండా ఒక్కొక్కరే రోడ్డు మీదికి పోయారు. వనజాక్షి పళ్లెం, కొబ్బరిచిప్పలు ఏరుకుని వచ్చింది. గుడ్లు తాకలేదు. వెనకనుంచి కొత్త గుంపులు వస్తుంటే, ముందున్నవాళ్లు పెదాల మీద వేలేసి కూర్చోబెట్టారు. ఫర్లాంగు పొడుగునా కావళ్లు దిగిపోయాయి. కృత్తిక రోజున తిరుత్తణి రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేను విననే లేదు, ఇంకెవరైనా విన్నారని కూడా అనుకోను.

పిట్ట దూరంగా వాలింది. నాలుగడుగులు వేసి ఆగింది. తల వంచి చూసింది. మళ్లీ నాలుగడుగులు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఇంక దగ్గరికి వచ్చేసిందనగా, తటాలున లేచి కాలువవైపు ఎగిరిపోయింది.

"పావం, పోయిందే!" అని ఎవరో ఏడుపుగొంతుతో అన్నారు.

కానీ ఆ పిట్టను మూడు వారాలుగా చూస్తున్నది వనజాక్షి ఒక్కతే. "ఉండండి. కడుపు తడుపుకోను పోయింటాది" అంది, తనకు తనే చెప్పుకున్నట్టు.

నిజమే. తిరిగి వచ్చి, తడికడుపుతో నేరుగా నడిచి, గుడ్లను ముక్కుతో ఒకసారి సర్దుకుని కూర్చుంది. నూటయాభై మంది ఒకేసారి వదిలిన ఊపిరి వనజాక్షికి వినబడింది. అరోహరా అనబోయినవాడి నోటిని శివరామయ్య చేత్తో మూశాడు. కావళ్లు లేచాయి. వట్టికాళ్లతో చప్పుడు కాకుండా చేను దాటిపోయి, మలుపు తిరిగాక అప్పుడు ఒక్కసారిగా అరిచారు. డప్పులు కూడా అప్పుడే మోగాయి.

ఏకాంబరం మాత్రం కదల్లేదు. అలాగే చూస్తూ, "దానికి మనమంటే అంత భయమున్నా వచ్చిందే" అన్నాడు. వనజాక్షి జీవితంలో మొదటిసారి మొగుణ్ణి ఎదురు మాట్లాడకుండా వదిలేసింది.

ఆరో రోజు ఆదివారం, పొద్దున్నే మూడు పిల్లలు బయటికొచ్చాయి. నాలుగోది మధ్యాహ్నం దాకా గింజుకుని వచ్చింది. వేలెడంత ఒళ్లు, ఒంటికి మించిన కాళ్లు. వైష్ణవి సెలవే గనుక తల్లి పక్కన గట్టున కూర్చుని, "నాలుగూ వచ్చేసినాయమ్మా!" అని ఎగిరింది. వనజాక్షి కళ్లు తుడుచుకుంటూనే, "నీ కడుపు చల్లగుండ" అని పిట్టను దీవించింది.

తీతువు పిల్లలు ఒకచోట నిలవవు. సాయంత్రానికి తల్లి వాటిని తోలుకుని రోడ్డు ఎక్కింది. అవతల నీళ్ల మడుగుంది. నాలుగు గింజలు దొర్లినట్టు తారు మీద నాలుగు పిల్లలు. అటునుంచి తిరుత్తణి బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చేస్తోంది. వనజాక్షి గట్టున లేచి పరిగెత్తింది గాని, అంత దూరం అందుకోలేనని తెలుస్తూనే ఉంది.

అప్పటికే ఏకాంబరం రోడ్డు నడిమధ్యలో ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. బస్సు కీచుమంటూ అతనికి నాలుగు బారల దూరంలో ఆగింది. అతని తలకు మూరెడు ఎత్తులో మగతీతువు టీటీటిట్టీ అని తిరుగుతూ అరుస్తోంది. అతను తలెత్తి కూడా చూడలేదు.

కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంది పెద్దాయనా, ఎవరు దాటుతుండారు?" అని అరిచాడు.

"మా ఇంటోళ్లు" అన్నాడు ఏకాంబరం. "చిన్నబిడ్డలు. కొంచెం నిలపప్పా."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.