నాలుగో రంధ్రంలో పచ్చ దారం

కాక నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. తెర మీద ఆయన పేరు చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఎత్తుతూనే మొదలుపెట్టాను. "ఏడ సచ్చినవ్ కాకా? ఆంటీ పొద్దుగాల్నే వచ్చి నా పానం తింటుంది. జల్ది రా!"

అటు నుంచి ఆయన భార్య, చిన్నమ్మ గొంతు వినిపించింది. "మీ కాక లేస్తలేడు బిడ్డా. డాక్టర్ వచ్చి సూశిండు. లేడంట."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అలాగే నిలబడ్డాను. నా ఎదురుగా కర్రీ పాయింట్ ఆంటీ వాళ్ళ పాత డీజిల్ కారు బానెట్ ఎత్తి ఉంది. నాలుగు ఇంజెక్టర్లు విప్పి బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఇంజన్ మీద నాలుగో రంధ్రంలోంచి సన్నటి ఆకుపచ్చ దారం ఒకటి బయటికి వేలాడుతోంది. ముందురోజు సాయంత్రం కాక దించిన దారం అది.

ఆయన నాకు సొంత కాక కాదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఒకే రేకుల కప్పు కింద మావి రెండు షెడ్లు. మధ్యలో నడుమెత్తు గోడ. అటు ఆయన, డీజిల్ ఇంజన్ల పని. ఇటు నేను, కార్ల వైరింగ్ పని. నాకు పని ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, చేతులు కాల్చుకుని, నాకు నేనే నేర్చుకున్నాను. ఆ మాట దొరికిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. కాకకూ చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విని, "మంచిదే. మరి చెయ్యి కాలినప్పుడు గా ఫోన్‌ల మనిషి వచ్చి మందు పూస్తడా?" అని గోడ మీంచి మలాము డబ్బా నా వైపు జరిపాడు. నా అరచేతి మీద బొబ్బ ఆయన ఎప్పుడు చూశాడో నాకు తెలియదు.

నాకు కోపం ఎక్కువ. కస్టమర్ మీద, ట్రాఫిక్ మీద, తుప్పు పట్టిన బోల్టు మీద, అన్నిటి మీదా వస్తుంది. నేను షెడ్డు తీసుకున్న కొత్తలో ఒక బోల్టు ఎంతకీ రాకపోతే సుత్తి తీసుకుని బాదుతున్నాను. గోడ మీద మోచేతులు ఆనించి కాక చాలాసేపు చూశాడు.

"అరే పటాకా, గా బోల్టు నీకేం పాపం జేసింది రా?"

"రాకుంటే ఏం జెయ్యాలె మరి?"

"తిట్టు."

"ఏంది?"

"నోటినిండ తిట్టు. ఎంతనన్న తిట్టు. కోపం నోట్ల పెట్టుకో, చేతులకు మాత్రం రానియ్యకు. చేతులకొస్తే పని ఖరాబైతది."

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. నిజంగానే చెబుతున్నాడు. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. నాకు తెలియనివి ఆయన రెండు అందించాడు. బోల్టు వచ్చింది. ఆ రోజు నుంచి ఆ సందులో నా పేరు పటాకాయే.

ఆయన పని గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. కాస్త ఓపిక పట్టండి. డీజిల్ ఇంజెక్టర్ అడుగున పావలా బిళ్ళంత రాగి వాషర్ ఒకటి ఉంటుంది. ఇంజన్ లోపలి మంట పైకి తన్నకుండా ఆపేది అదే. పాత బండ్లలో అది అరిగిపోతే సందులోంచి పొగ ఎగదన్ని, ఇంజెక్టర్ చుట్టూ మాడిన బెల్లం పాకంలా నల్లగా గడ్డకడుతుంది. ఇంజెక్టర్‌ని ఎలాగో పీకుతారు. వాషర్ మాత్రం ఆ సన్నటి గొట్టం అడుగున అతుక్కుని కూర్చుంటుంది. చాలామంది దాన్ని అక్కడే వదిలేసి, కొత్త వాషర్ దాని మీదే వేసి బిగించేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది, కస్టమర్ సంతోషంగా పోతాడు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే పొగ. ఇంకొంతమంది స్క్రూడ్రైవర్ పెట్టి కుమ్ముతారు. వాషర్ ముక్కలై వస్తుంది, కానీ అది కూర్చునే చోట గీత పడుతుంది. ఇక ఇంజన్ తల మొత్తం విప్పాలి. పాత బండికి అంత పనంటే ఓనర్ దాన్ని తుక్కు కింద అమ్ముకుంటాడు.

కాక పద్ధతి వేరు. ముందు గ్రీజు పూసిన చిన్న గుడ్డముక్కను వాషర్ నడిమి బెజ్జంలోంచి కిందికి దించేవాడు, మసి రాలి ఇంజన్లో పడకుండా. మళ్ళీ పైకి లాగడానికి దానికి దారం కట్టి ఉండేది. తర్వాత కొస సన్నగా అరగదీసిన ఉక్కు కడ్డీ. ఆ కడ్డీకి పక్కన నిలువునా సన్నటి గాడి. దారం నలిగి తెగకుండా అందులో కూర్చోవాలి. సనత్‌నగర్‌లో లేత్ మీద దగ్గరుండి కోయించుకున్నాడు. కడ్డీని బెజ్జంలో దించి సుత్తితో ఒక మొట్టికాయ వేసేవాడు. కడ్డీ రాగిని కరిచిందో లేదో వేళ్ళతోనే కనుక్కునేవాడు. అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ, "గుంజకు. అడుగు. ఇస్తది" అని నాకు చెబుతున్నట్టు తనకు తనే చెప్పుకునేవాడు. వాషర్ ఆ దారం మీదుగా పైకి వచ్చేది, పూసలాగా. గుడ్డను కోసి పారేసి, వాషర్‌ను అదే దారంతో గోడ మేకుకు కట్టేవాడు. పాతవి నాలుగూ మేకుకు ఎక్కేదాకా కొత్త వాషర్ల పొట్లం విప్పేవాడు కాదు. "కింద ఏమున్నదో సూడకుండ పైన ఏం పెట్టకు" అనేవాడు. ఎంత తొందర కస్టమర్‌కైనా ఇదే మాట.

దారం చిన్నమ్మది. పంజగుట్టలో ఇంట్లోనే ఆమె జాకెట్లు కుడుతుంది. ఆయన రోజూ పొద్దున ఆమె మిషన్ పెట్టెలోంచి మూర రెండు మూరలు తెంపుకొచ్చేవాడు. ఆ రోజు ఏ జాకెట్ నడుస్తుంటే ఆ రంగు. మేకు మీద గులాబి, పసుపు, నెమలి నీలం, మెరూన్, అన్ని రంగుల దారాలకూ రాగి బిళ్ళలు వేలాడేవి. మధ్యాహ్నం ఆయన డబ్బా విప్పే వేళకు చిన్నమ్మ ఫోన్ వచ్చేది. చేతులకు గ్రీజు కాబట్టి స్పీకర్ పెట్టేవాడు. సందు సందంతా వినేది.

"నా గులాబి రీలు సగమైంది. ఎవలు కోసిన్రు?"

"ఎలుక ఎత్కపోయింటది."

"గా ఎలుకకు మీసాలున్నయా?"

"ఉన్నయ్. తెల్లగైనయ్ సుత."

"ఇంటికి రానియ్, గా ఎలుక సంగతి జెప్త."

ఆయన పప్పన్నం కలుపుకుంటూ సంబరపడిపోయేవాడు. "ఎందుకు కాకా, దారం కొనుక్కోవచ్చు గదా?" అని అడిగాను ఒకసారి. "కొంటే తిట్టదు కదరా," అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ చిన్నమ్మ షెడ్డుకు రాలేదు. ఆ దారం దేనికో ఆమెకు ఆయన చెప్పనూ లేదు.

ఆ చివరి సాయంత్రం మూడు వాషర్లు వచ్చాయి. నాలుగోది రాలేదు. కర్రీ పాయింట్ ఆంటీ వచ్చి కారు పక్కన నిలబడింది. కోస్తా నుంచి వచ్చి, అమీర్‌పేట హాస్టళ్ళకు ఆ కారులోనే కూరలు, సాంబారు చేరవేస్తుంది ఆమె.

"ఏంటి బాబాయ్ గారూ, ఇంకా అవ్వలేదా?"

"మూడు మంచిగనే వచ్చినయ్ అమ్మా. నాలుగోది అలిగింది. రాత్రంత నూనెల నాననియ్యిన్రి, పొద్దుగాల మెల్లగ బుదరకిచ్చి పైకి తీస్త."

ఆమె వెళ్ళాక ఆయన బల్ల మీద కూర్చున్నాడు. అరచేత్తో రొమ్ము రుద్దుకుంటున్నాడు. ముఖమంతా చెమట.

"ఏమైంది కాకా?"

"గ్యాస్ రా. పోయి నిమ్మ సోడా పట్కరా."

"దవాఖానకు పోదాం పా. బండి తీస్త."

"గీ పని ఖతం గానియ్. పోదాం."

నేను తిట్టాను. ఆయన్నీ, ఆ కారునీ, ఆంటీనీ, అందర్నీ తిట్టాను. సోడా తాగి ఆయన నవ్వాడు. "చేతులకు రానిచ్చినవా? రానియ్యలే. మంచిగైనవ్ రా పటాకా" అని, అన్నం డబ్బా షెడ్డులోనే మర్చిపోయి, నడుచుకుంటూ ఇంటికి పోయాడు. నాకు కోపం వస్తుంది. రాసేటప్పుడు కూడా వస్తోంది. కింద ఏముందో చూడకుండా పైన ఏదీ పెట్టనివ్వని మనిషి, తన రొమ్ములో ఏముందో చూసుకోకుండా దాని మీద సోడా పోసుకున్నాడు. నాతో రావడానికి ఆయనకు ఒక వాషర్ అడ్డం వచ్చింది. వాషర్!

పంజగుట్ట శ్మశానానికి మా సందు మెకానిక్‌లందరూ వచ్చారు. అక్కడే ఒకడు నా చెవి దగ్గరికొచ్చి, "గా ఆంటీ బండి ఏం జేస్తవ్ భాయ్? పాతదాని మీద కొత్తది ఏసి ఇచ్చేయ్. ముసలాయన సూడనొస్తడా ఏంది?" అన్నాడు. వాడి కాలర్ పట్టుకోబోయాను. చేతులు నావే, కానీ లేవలేదు. తిట్టి ఊరుకున్నాను.

ఆ రాత్రి కాక ఇంటికి ఆంటీ ఆటోలో అన్నం గిన్నెలు తెచ్చింది. చిన్నమ్మ దగ్గర కూర్చుని లేచి, మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఇలాంటప్పుడు అడగకూడదు బాబూ. కానీ ఆటోల్లో సాంబారు సగం ఒలికిపోతోంది. ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకుంటామని హాస్టల్ వాళ్ళు అనేశారు. ఆ కారు లేకపోతే నాకు పని లేదు."

"నేను డీజిల్ మెకానిక్‌ని కాదాంటీ. గోడ మీంచి చూసుడే. జారితే ఇంజనే పోతది."

"ఆయన చేస్తుంటే రోజూ చూసింది నువ్వే కదా. నువ్వే తియ్యి. పాతదాని మీద కొత్తది మాత్రం వేసివ్వకు నాయనా. బాబాయ్ గారికి నచ్చదు."

నచ్చదు అంది. నచ్చేది కాదు అనలేదు.

మర్నాడు షెడ్డు తెరిచాను. కడ్డీ ఆయన పెట్టిన చోటే ఉంది. ఆయన చెయ్యి ఆనించిన నల్లటి వేలిముద్రలు ఫెండర్ మీద అలాగే ఉన్నాయి. పచ్చ దారం కదలలేదు. దాన్ని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. అడుగున ఉన్న గుడ్డ ఆయన తన చేత్తో చుట్టి దించిన గుడ్డ. అది పైకొస్తే ఆయన మొదలుపెట్టిన పని అయిపోతుంది. ఆయన చెయ్యి పెట్టినది ఇంకేదీ ఇంజన్లో మిగలదు. రాకుండా దారం తెగితే ఆ గుడ్డ ఇంజన్లో పడుతుంది. కడ్డీ జారితే గీత పడుతుంది. ఆంటీ కారు తుక్కుకు పోతుంది.

దారాన్ని గాడిలో కూర్చోబెట్టి కడ్డీ దించాను. ఒక మొట్టికాయ వేశాను. కరవలేదు. ఇంకొకటి వేశాను. వేళ్ళకు ఏదో తెలిసింది, నమ్మకం కలగలేదు. ఇక తిట్టడం మొదలుపెట్టాను. వాషర్‌ని కాదు, ఆయన్నే. "సోడా కావాల్నా నీకు? దవాఖాన ఏమన్న చంద్రుని మీద ఉన్నదా? నీ బండి నేను చేయాల్నా? నీ దారం నేను గుంజాల్నా?" కళ్ళు కనబడటం లేదు, ముక్కు కారుతోంది, నోరు ఆగడం లేదు. చేతులు మాత్రం మెల్లగా అటు తిప్పుతున్నాయి, ఇటు తిప్పుతున్నాయి. గుంజలేదు. అడిగాను. చాలాసేపు అడిగాను.

అడుగున కిర్రుమంది. కడ్డీ కాస్త తేలికైంది. మెల్లగా ఎత్తాను. నల్లటి వాషర్ కడ్డీ కొసను పట్టుకుని పైకి వచ్చింది. దాని వెనక పచ్చ దారం, దారం చివర గ్రీజు గుడ్డ. టార్చి వేసి చూశాను. అడుగున గీత లేదు.

"ఎవర్ని బిడ్డా గట్ల తిడుతున్నవ్?"

వెనక చిన్నమ్మ నిలబడి ఉంది. ఇంట్లోవాళ్ళు వద్దన్నా వినకుండా ఆయన అన్నం డబ్బా కోసం వచ్చిందట.

"కాకనే."

"తిట్టు. నేను సుత తెల్లారినకాడికెళ్ళి గదే పని మీదున్న."

డబ్బా తీసి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. గోడ వైపు చూస్తోంది. మేకు దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క దారం వేళ్ళ మీదికి తీసుకుంది. "గిది బోనాలకు మా పైనింటామెకు కుట్టిన. గీ మెరూన్ మా చెల్లె జాకెట్‌ది. గిది... గిది నాదే, చేతులు బిగువైనయని మళ్ళ విప్పిన." రాగి బిళ్ళలు ఆమె వేళ్ళ కింద టింగు టింగుమంటున్నాయి. "పతంగులకు తీస్కపోతుండనుకున్న. ఎలుక అన్నీ తెచ్చి గిక్కడ దాసిందా?"

నా చేతిలో పచ్చ దారం చూసి ఆగిపోయింది.

"గిది కోసుకపోయిన పొద్దుగాల్నే మస్తు లొల్లి జేసిన. జాకెట్‌కు జర తక్కువ పడ్డది. మాట్లాడకుంటనే డబ్బ చేతికిచ్చి పంపిన."

గుడ్డ కోయడానికి బ్లేడు తీశాను. ఆమె నా చేతిలోంచి దారం తీసుకుని, రోజూ మిషన్ దగ్గర తెంపినట్టే, పంటితో పుటుక్కున తెంపింది. గుడ్డ రాలి కింద పడింది. పెదవి మీద గ్రీజు నల్లగా అంటుకుంది. వాషర్‌ను మేకుకు తనే కట్టింది, రెండు ముళ్ళు వేసి.

అప్పుడు కొత్త పొట్లం విప్పాను. వాషర్లు వేసి, ఇంజెక్టర్లు బిగించి, డీజిల్ పైపుల్లో గాలి తీసేసరికి ఆంటీ వచ్చింది. తాళం తిప్పింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి, అందుకుంది. పొగ లేదు. ఆంటీ స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చింది, తర్వాత హాస్టల్‌కు టైమవుతోందని వెళ్ళిపోయింది.

కారు సందు మలుపు తిరిగేదాకా రేకుల కప్పు అదురుతూనే ఉంది. మేకు మీది వాషర్లన్నీ ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. చిన్నమ్మ వాటి కింద నిలబడి వింది. కొంగు చేతిలోనే ఉంది. పెదవి మీది నలుపు మాత్రం తుడుచుకోలేదు.