అత్త నూనె, మామ సైకిలు

కొందరు అల్లుళ్లు దసరాకు అత్తగారింటికి వెళ్లి బంగారం కోసం అలుగుతారు. నేను ఏ అలకా లేకుండా, నిండు మంచి మనసుతో, మా మామను ఊరి కుక్కలకు అప్పగించి వచ్చాను. ఎలాగో చెబుతాను. మీరూ నవ్వుకోండి. కోడేరు పక్కన మా అత్తగారి ఊరంతా కడుపు పట్టుకుని నవ్వాక ఇక మీ దగ్గర నాకు సిగ్గేమిటి?

అప్పటికి మాకు కొత్తగా పెళ్లయింది. నాది గద్వాలలో చీరల దుకాణంలో కొలువు. మామ పల్లీ, పత్తి పండించే రైతు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నా గురించి ఆయన ఒకటే మాట చెప్పేవాడు:

"మా అల్లుడు బంగారమే. గాని చేతపని రాదు. చీర మడతబెట్టుమంటే పెడ్తడు, గంతే."

ఆ "గంతే" నా గుండెలో ముల్లులా దిగింది. పోనీ, ఏదైనా పని చేసి చూపిద్దామా అంటే ఆ ఇంట్లో అల్లుడు పని ముట్టకూడదు. నీళ్ల చెంబు ఎత్తితే చాలు, అత్త వంటింట్లోంచి ఉరికొచ్చేది. "అయ్యయ్యో, మీరు కూసోండ్రి! ఊరోళ్లు జూస్తే ఏమనుకుంటరు?" కూర్చుని కూర్చుని నాకు నవారు మంచం అచ్చులు పడ్డాయి. పని ముట్టనివ్వరు, పని రాదంటారు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

దసరా పొద్దున నాకు అవకాశం దొరికింది. పనిముట్లూ బండ్లూ కడిగి పూజ చేసే రోజు. మామ బంతిపూల కోసం చేనుకు పోయాడు. ఆయన సైకిలు మాత్రం చేను మట్టంతా ఒంటికి పూసుకుని గోడకు ఆనుకుని ఉంది. చైను తుప్పు పట్టి, తొక్కితే కిర్రుకిర్రుమని వీధి చివరిదాకా వినిపించేది. సాయంత్రం మామ దాని మీదే జమ్మిచెట్టు దగ్గరికి పోవాలి. ఊరి పెద్దగా మొదటి ఆకు తెంపేది ఆయనే. ఆ కిర్రు ఆపితే నా పేరు నిలబడుతుంది. వెంటనే సైకిలును తలకిందులు చేసి నిలబెట్టాను.

మా ఆవిడ సుజాత గుమ్మంలోకి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్?"

"సైకిల్ కడుగుతున్న."

"నీకొస్తదా?"

"ఫోన్ల జూసిన."

"మొన్న పప్పు గూడ ఫోన్ల జూసే వండినవ్. ఆ గిన్నె ఇంకా నానుతనే ఉంది."

పనిమంతులు ఇలాంటి మాటలు పట్టించుకోరు. పాత పళ్ల బ్రష్షు డీజిల్‌లో ముంచి చైను మట్టి గీకాను. సబ్బునీళ్లతో కడిగాను, పాత లుంగీతో తుడిచాను, ఎండలో ఆరబెట్టాను. ఇక్కడిదాకా నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇక నూనె వేయాలి. పెరట్లో గోడ గూట్లో ఒక సీసా, అందులో నల్లటి నూనె కనిపించింది. రైతు ఇల్లు కదా, ఇంజన్లోంచి తీసిన పాత ఆయిలే అయ్యుంటుందని తేల్చేశాను. వాసన చూడొచ్చు కదా అంటారా? చూశాను. కానీ ఆ వారమంతా నాకు పడిశం. ముక్కు ముఖానికి అందం కోసమే ఉంది.

పెడలు వెనక్కి తిప్పుతూ ఒక్కో లంకెకు ఒక్కో చుక్క వేశాను. చివర్లో మిగిలిన నూనె తుడిచేయాలని ఫోనులో ఆయనెవరో చెప్పాడు. అత్తగారింట్లో పిసినారితనం ఎందుకని, తుడవకుండా ఇంకాస్త పోశాను.

మామ వచ్చి చూశాడు. పెడలు తిప్పాడు. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. అప్పుడు ఎదురింటాయనను పిలిచాడు.

"ఓ బాలయ్యా, ఇటు రా! జూడు, మా అల్లుడు జేసిండు!"

"అబ్బ, కొత్త సైకిల్ లెక్క మెరుస్తుందే! మరి చేతపని రాదంటివి?"

"ఎవరన్నరు? నేనా?"

నా కాళ్లు నేల మీద నిలవలేదు. మధ్యాహ్నం మటన్ కూర రెండుసార్లు వేయించుకున్నాను.

సాయంత్రం మామ తెల్లపంచె కట్టి, సైకిలు హ్యాండిలుకు బంతిమాల వేసి, చప్పుడు లేకుండా రాజులా వెళ్లాడు. మేం నడిచి వెళ్దామని బయలుదేరుతుంటే పెరట్లోంచి అత్త గొంతు వినిపించింది.

"సుజాతా, గూట్ల సీసా ఏమాయె? నిన్న చేపలేంచిన నూనె. ఇంట్ల వాసనొస్తదని బయట వెట్టిన."

సుజాత నా వైపు చూసింది. నేను ఆకాశంలో పాలపిట్టను వెతికాను.

"అత్తమ్మా, ఆ నూనె నల్లగుంటదా?" అని మెల్లగా అడిగాను.

"నల్లగనే ఉంటది. ఎందుకు?"

జవాబు నేను చెప్పలేదు, వీధి చివర కుక్కలు చెప్పాయి. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. నేను అత్త నూనెను మామ చైనుకు దానం చేశాను. ఆ దానం అందుకోవడానికి ఊరి కుక్కలన్నీ బయలుదేరాయి.

పరుగెత్తాను. ముందు మామ, వెనక కుక్కలు, వాటి వెనక నేను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేమంటారు గానీ, ఆ సాయంత్రం కుక్కలు అలా తరుముతుంటే మా మామ కృష్ణను ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు సైకిలు మీదే దాటేవాడు. "హచ్చా! హచ్చా!" అంటూ ఆయన ఎంత గట్టిగా తొక్కితే చైను అంత నూనె చిమ్మింది. పంచె అంచు నల్లబడింది, బంతిమాల ఎటో ఎగిరిపోయింది. నన్ను ఎంతైనా తిట్టుకోండి గానీ, చైను మాత్రం ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

జమ్మిచెట్టు దగ్గర జనం రెండుగా చీలి దారిచ్చారు. మామ సైకిలు పడేసి ఎవరిదో ట్రాక్టరు ఎక్కాడు. కుక్కలకు మామతో పనే లేదు. చైను చుట్టూ మూగి నాకడం మొదలుపెట్టాయి. నేను డీజిల్ పోసి గీకిన దానికంటే శుభ్రంగా నాకాయి.

ఊరంతా నవ్వుతోంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పొద్దున సంపాదించిన పేరు పొద్దుగూకేలోపు పోయింది. మామ దిగాడు, మొదటి ఆకు తెంపాడు, తిన్నగా నా దగ్గరికే వచ్చి ఆ ఆకును దసరా బంగారంగా నా చేతిలో పెట్టాడు. నేను కాళ్లకు మొక్కడానికి వంగాను. పరుగుకో ఏడుపుకో అప్పుడే నా ముక్కు తెరుచుకుంది. పంచె నిండా చేపల వాసన!

"మామా, తప్పయింది. జర మాఫ్ చెయ్యుండ్రి."

పండగపూట అల్లుడిని తిట్టకూడదు. మామ నన్ను లేపి, భుజం మీద చెయ్యేసి, జనం వైపు తిరిగాడు.

"మా అల్లునికి పని రాదని ఇంకెవ్వరన్న అంటరా? నా పాత సైకిల్‌ను ఒక్క పూటల మోటర్ సైకిల్ జేసిండు. పెట్రోల్ గూడ వద్దు, ఎనక నాలుగు కుక్కలుంటే సాలు!"

ఆ జమ్మి ఆకు చేత పట్టుకుని, అక్కడికక్కడే ఒట్టు వేసుకున్నాను. నా ముక్కు పనిచేయని రోజున నా చేతులను కూడా పనిచేయనివ్వను. అత్తగారింట్లో చక్రమున్న వస్తువు దేన్నీ ముట్టను. బుద్ధిగా నవారు మంచం మీద కూర్చుని, ఎవరైనా అడిగితే చీర మడత పెడతాను. గంతే.