బాషా వాన చూస్తూ నిలబడలేదు

నిన్న సాయంత్రం మంత్రాలయం బస్టాండ్ దగ్గర ఆటోలో ప్యాసింజర్లను ఎక్కించుకుంటుంటే ఫోన్ వచ్చింది.

"ఈరన్నా, బాషా పోయినాడప్పా. టవర్ మీద పిడుగు పడింది."

ఏ బాషా అని అడిగాను.
నాకు తెలిసిన బాషా ఒక్కడే. అయినా అడిగాను.

ఎక్కినవాళ్లను దింపేసి ఆటోలోనే కూర్చుండిపోయాను.

మహబూబ్ బాషా. మాది కోసిగి, ఇద్దరిదీ ఒకే వీధి. వానల్లేక, ఊళ్లో పనుల్లేక కలిసే బయలుదేరాం. పక్క రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్ట్ సెక్యూరిటీ గార్డులుగా చేరాం. నేను ఉండలేక తిరిగొచ్చి ఆటో తోలుకుంటున్నాను. వాడు ఉండిపోయాడు.

న్యూక్లియర్ ప్లాంట్ అంటే మా వీధిలో అందరికీ హడల్. సెలవుకు వచ్చినప్పుడు రేడియేషన్ అంటుకుంటుందని వాడి పక్కన కూర్చోవడానికి కూడా కొందరు జంకేవాళ్లు. వాడు కావాలని వెళ్లి వాళ్ల భుజం మీదే చెయ్యేసేవాడు.

నిజానికి వాడు కాపలా కాసింది లోపల కాదు. బయటి కాంపౌండ్ గోడ దగ్గర, చుట్టూ ఏమీ లేని మైదానంలో, ఇనుప వాచ్ టవర్ మీద. పైన రేకు, ఎక్కడానికి ఇనుప నిచ్చెన. ఎంత తుపాను వచ్చినా రియాక్టర్‌కు ఏమీ కాదని ట్రైనింగ్‌లో గొప్పగా చెప్పారు. టవర్ మీద మనిషి సంగతి ఎవరూ చెప్పలేదు.

అక్కడి మొదటి వానాకాలం నాకింకా గుర్తు. బాషా రూమ్ గుమ్మంలో కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని, వాన చూస్తూ అన్నం తినడం మర్చిపోయాడు.

"ఇంత వాన పోయి సముద్రంలో పడతాండాది. ఎవనికి లాభమప్పా?"

వాడు తమాషాకు అనలేదు. నిజంగానే బాధపడ్డాడు. అప్పటి నుంచి వాన పడితే చాలు, వీడియో తీసి రజియాకు పంపేవాడు. రజియా వాడి భార్య. ఆమె దాన్ని వీధంతా చూపించేది. మేం కూడా పదేపదే పెట్టించుకుని చూసేవాళ్లం.

ఇప్పుడు తప్పంతా ఆ వీడియోల మీదకు నెట్టారు.

నిన్న కాంట్రాక్టర్ మనిషి రజియాకు ఫోన్ చేశాడు. ఓదార్చడానికి కాదు. మీ వైపు వాళ్లకు వాన కనిపిస్తే ఒళ్లు తెలియదు కదా, దిగమన్నా దిగకుండా వీడియో తీసుకుంటూ నిలబడ్డాడు అన్నాడట. పొద్దునకల్లా వీధిలో ప్రతివాడి నోటా అదే మాట.

నేను వెళ్లేసరికి రజియా గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"నేనే అన్నా, వాన వీడియో పంపమని అడిగితి. నా కోసమే ఆడ నిలబడినాడా?"

కాదమ్మా అన్నాను. ఆమె వినిపించుకోలేదు. మళ్లీ అదే అడిగింది. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ ప్లాంట్‌లో పనిచేసినవాడిని కాబట్టి చెబుతున్నాను. డ్యూటీలో గార్డు దగ్గర ఫోన్ ఉండదు. షిఫ్ట్ ఎక్కే ముందే గేట్ దగ్గర డిపాజిట్ చేయాలి. బాషా ఫోన్ నిన్న కూడా గేట్ దగ్గరే ఉంది. అక్కడ డ్యూటీలో ఉన్న మన మండలం మనిషి కళ్లారా చూశాడు. పేరు రాయను, వాడి ఉద్యోగం కూడా పోతుంది.

అంతా అయిపోయాక ఆ ఫోన్ మోగుతూనే ఉందట. షిఫ్ట్ దిగే టైమ్‌కు రజియా రోజూ చేసే కాల్.

వాడి చేతిలో ఉన్నది వాకీటాకీ ఒక్కటే. అందులో వాడు మాట్లాడింది గేట్ దగ్గర వాళ్లంతా విన్నారు. ఉరుములు బాగా దగ్గరకొచ్చాయి సార్, దిగుతాను అన్నాడు. నీ బదులు రిలీవర్ రాకుండా పోస్ట్ ఖాళీ చేయకూడదు, ఆగు అన్నారు సూపర్‌వైజర్లు. కాసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ ఆగమన్నారు.

అడక్కుండా దిగేయొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. కిందటి వానాకాలం వాడు చేసింది అదే. గాలికి టవర్ ఊగుతుంటే దిగి గేట్ దగ్గరకు వచ్చేశాడు. పోస్ట్ వదిలేశాడని చాలా రోజులు డ్యూటీ ఇవ్వలేదు. రోజూ వెళ్లి ఆఫీసు బయట చేతులు కట్టుకుని నిలబడితే తప్ప మళ్లీ తీసుకోలేదు. ఆ తర్వాత ఇంకెవడు దిగుతాడు?

నాకు పిడుగు మీద కోపం లేదు.

ఆ కాంట్రాక్టర్ మనిషికి పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాను. ఎత్తడం లేదు. ఆ టవర్ మీద ఈరోజు ఇంకో మనిషిని ఎక్కించారని తెలిసింది. అక్కడ ఇంకా వాన తగ్గలేదట.

బాషా బాడీ రేపు మధ్యాహ్నానికి కోసిగి చేరుతుంది. సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత జనాజా, ఖననం. రాగలిగినవాళ్లు రండి. దయచేసి ఎవరూ రజియా ముందు వీడియో మాట ఎత్తకండి. ఎత్తినవాడితో నేను మాట్లాడతాను.

రజియా, చెల్లీ.
నీ కోసం ఆగలేదమ్మా వాడు.
దిగి నీ ఫోన్ ఎత్తాలనే అనుకున్నాడు. రెండుసార్లు అడిగాడు. వాళ్లు దిగనివ్వలేదు.

వెళ్లు బాషా.
అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.