దారి తెలిసిన బాబాయి

మా బాబాయికి తెలిసిన దారినే మళ్లీ అడిగే జబ్బు ఉండేది. తాగుడో జూదమో అయితే మాన్పించడానికి నలుగురు పెద్దమనుషులు వస్తారు. దీనికి ఎవరొస్తారు?

తెలియక అడిగితే సరే. ఈయన నలభై ఏళ్లు తీరం వెంట ఉత్తరాలు మోసే మోటారు పడవ నడిపిన మనిషి. ఏ రాయి ఎక్కడుందో, ఏ ఇసుకమేట ఏ నెలలో ఎటు జరుగుతుందో ఆయనకి కంఠతా వచ్చు. ఉద్యోగం అయిపోయాక సొంతంగా ఓ చిన్న పడవ కొనుక్కున్నాడు. ప్రతి ఆదివారం పిన్నిని ఎక్కించుకుని షికారు. ఒడ్డున ఎవరైనా ముసలాయన కనిపిస్తే చాలు, ఇంజను తగ్గించి, "ఏమండోయ్! దీపస్తంభానికి ఎటు పోవాలి?" అని కేక పెట్టేవాడు. ఓసారి దీపస్తంభం కిందే పడవ ఆపి ఆ ప్రశ్న వేశాడు.

"ఇది ఇవాళ్టి పిచ్చి కాదురా," అని వాపోయేది పిన్ని. "మొదటిసారి మా ఇంటికొస్తూ వీధి చివర దారి అడిగింది మా నాన్ననే. ఆయన పాపం దగ్గరుండి తీసుకొచ్చి, 'ఇదే ఆ ఇల్లు' అని చూపించి, అప్పుడు గుర్తొచ్చి లోపలికి రమ్మన్నాడు."

"అప్పుడు నిజంగానే తెలీదే," అనేవాడు బాబాయి.

"అవును మరి! అంతకుముందు నెల్లాళ్లు మా వీధిలో సైకిలు తొక్కింది మీ ఆత్మ కాబోలు!"

అడగడంతో అయిపోతే బాగుండేది. చెప్పినవాళ్లు తప్పు చెప్పినా ఆ దారినే వెళ్లేవాడు. వాళ్లు కనుమరుగయ్యేదాకా అటు పోయి, అప్పుడు వెనక్కి తిప్పుకొచ్చేవాడు. "తప్పని తెలిసి ఎందుకెళ్లడం బాబాయ్?" అంటే, "చెప్పినాయన చూస్తుంటాడు కదరా," అనేవాడు. అందుకే గంట ప్రయాణం వీళ్లకి పూట పట్టేది.

పిన్నికి ఒకే ఒక్క కోరిక ఉండేది. మూడో కొండ వెనకాల తెల్లటి ఇసుకతో ఓ చిన్న రేవుంది. అక్కడ కూర్చుని భోంచేయాలి. ఆటు మొదలై నీళ్లు తగ్గాయంటే ఆ రేవు నోట్లోకి పడవ పోదు. పది ఆదివారాలు ప్రయత్నించారు. పదిసార్లూ భోజనం డబ్బా మూత తీయకుండా రేవు బయటినుంచే తిరిగొచ్చారు.

నేను పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కుని. పదకొండో ఆదివారం, కొత్తగా బిగించిన ఇంజను ఎలా పలుకుతుందో వినడానికి నేనూ ఎక్కాను. "పిన్నీ, ఇవాళ నిన్ను ఆ రేవులో దించే పూచీ నాది," అని గొప్పగా మాటిచ్చాను.

ఆ రోజు పన్నెండు దాటితే రేవులో నీళ్లుండవు. పదింటికల్లా బాబాయి ముగ్గుర్ని అడిగాడు. వలలు కుట్టుకునే ఒకాయన మమ్మల్ని వచ్చిన దారినే వెనక్కి పంపాడు, వెళ్లాం. నా ఒళ్లు మండిపోతోంది. పిన్ని గడియారం చూసుకుంటూ బాబాయిని ఏడు తరాల వెనక్కి వెళ్లి తిడుతోంది.

రెండో కొండ దాటాక ఓ పాత రాతిగట్టు, దాని మీద ఓ చిన్న గది. అందులో కర్రల తాత ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు ఇసుకమేటల మధ్య పడవలకి దారి తెలిసేలా నీళ్లలో గుర్తుకర్రలు పాతడం ఆయన పని. ఇప్పుడా కర్రలూ లేవు, ఆ పనీ లేదు. పడవ చప్పుడు వినగానే చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"తాతా! ఇసుక రేవుకి ఎటు?" బాబాయి కేకేశాడు.

తాత నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. "నల్లరాయికి కుడిపక్కగా పోయి, అక్కణ్ణుంచి..."

నాకు ఓపిక చచ్చిపోయింది. ఫోను పైకెత్తి, "తాతా, నల్లరాయి పక్కన ఇసుక మేటేసి ఐదేళ్లయింది! ఇదిగో మ్యాపు. మీరు చెప్పినట్టు పోతే ఇరుక్కుంటాం!" అని అరిచాను.

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత తాత దాన్ని దించి, "అలాగా. నాకెవరూ చెప్పలేదు," అని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

నా జీవితంలో చాలా తప్పుమాటలన్నాను. ఇలా ఒక నిజం చెప్పినందుకు సిగ్గుపడడం మాత్రం అదే మొదలు. ఇప్పటికీ ఆ తలుపు చప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

బాబాయి చుక్కాని పట్టుకుని, మళ్లీ ఎవర్నీ అడక్కుండా, ఇరవై నిమిషాల్లో పడవని రేవులో పెట్టాడు. పదకొండుంబావు. తెల్లటి ఇసుక, పచ్చటి నీళ్లు, పిన్ని కోరుకున్నదంతా ఉంది. డబ్బా మూత మాత్రం ఎవరూ తీయలేదు. బాబాయి ముందుకెళ్లి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

పిన్ని గొంతు తగ్గించి చెప్పింది. "ఉత్తరాల పడవ ఆపేశాక ఆర్నెల్లు ఈయన్ని ఎవరూ ఏదీ అడగలేదురా. నలభై ఏళ్లు తీరమంతా ఈయన్నే 'నాకేమైనా వచ్చిందా' అని అడిగేది కదా. ఆ ఆర్నెల్లూ ఎలా ఉన్నాడో నేను చూశాను. ఆ తర్వాతే, కనిపించిన ముసలాళ్లనల్లా ఈ దారులడగడం ముదిరింది."

"తెలిసి కూడా అన్ని తిట్లు తిడతావా?"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని ఈయనకి అనుమానమొస్తుంది." ఆ మాట అని, పిన్ని అటు తిరిగి గట్టిగా, "ఏమండీ, పడవ తిప్పండి!" అంది.

"భోజనమో?" అన్నాడు బాబాయి.

"నాకు ఆకలి చచ్చింది. తిప్పండి."

ఆ ఏడాదే బాబాయి మోకాళ్లు మొండికేసి పడవ అమ్మేశారు. పిన్ని ఆ రేవు మళ్లీ చూడలేదు. అందుకు నేను ఎవరికి క్షమాపణ చెప్పినా తక్కువే.

రాతిగట్టు దగ్గరికొచ్చేసరికి తలుపు వేసే ఉంది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా బాబాయి పడవ అడుగు ఇసుకకి తగల్లేదు. అలాంటి మనిషి ఇంజను తగ్గించి, అటూ ఇటూ చూసి, గట్టుకి ఎదురుగా ఉన్న మేటని ఎంచుకుని, తీరిగ్గా దాని మీదికి ఎక్కించేశాడు. కొత్త ఇంజను గొల్లుమంది.

"తాతా! మీ మాట వినకుండా ఫోను మాట విన్నాం! ఇరుక్కుపోయాం!"

తలుపు ధడేలున తెరుచుకుంది. కర్రల తాత ఓ పొడుగాటి కర్రతో మోకాళ్లలోతు నీళ్లలో దిగొచ్చాడు. "చెప్తే విన్నారా? పడవ నడిపేవాళ్లేనా మీరు? ఎవడా ఫోనువాడు?"

"నేనే తాతా. తప్పంతా నాదే," అన్నాను. ఫోను చెప్పిందన్నది అబద్ధమే గానీ, తప్పు నాదన్నది పచ్చినిజం.

కర్రతో లోతు చూసి, నీళ్ల వాలు చూసి, "ఐదున్నరకి తేలుతుంది. అందాకా ఎవరూ కదలకండి," అని ఆజ్ఞాపించి తాత పడవెక్కాడు. పిన్ని డబ్బా మూత తీసింది. ఆయన తింటూ, ఏ తుఫానుకి ఏ మేట ఎటు జరిగిందో మొదలుపెట్టాడు. బాబాయి అన్నీ మొదటిసారి వింటున్నట్టు, "ఆహా! ఆ తర్వాత?" అంటున్నాడు.

సరిగ్గా నాలుగింటికి పడవ తేలింది. కాళ్ల కింద బాగా తెలుస్తోంది. నేను చెబుదామని నోరు తెరిచాను. పిన్ని నా పాదాన్ని తన పాదంతో గట్టిగా తొక్కింది.

గంటన్నర సేపు నలుగురం తేలుతున్న పడవలో ఇరుక్కుని కూర్చున్నాం. ఐదున్నరకి తాత లేచి, కర్రతో నీళ్లు ఒకసారి పొడిచి చూశాడు.

"ఇప్పుడు పోవచ్చు. చెప్పానా లేదా?"

"చెప్పారు తాతా," అన్నాం ముగ్గురం.