సాటిన్ ఎలుక మెరుపు తగ్గింది

2023 ఏప్రిల్. ధర్మవరంలో నేను సొంతంగా పశువైద్యశాల నడుపుతున్నాను. గొర్రెలూ బర్రెలూ వచ్చే చోటికి ఎలుకను పట్టుకొచ్చేవాడు రమణ ఒక్కడే. పట్టు నేసే ఇంట్లో ఎలుకలు పెంచడమేమిటని వాళ్ల వీధంతా నవ్వేది. అవి ఫ్యాన్సీ ఎలుకలు, అంటే రంగూ ఆకారమూ చూసి జతకట్టించి పెంచేవి. రమణవి సాటిన్ రకం, బొచ్చు నిగనిగలాడుతుంది. నాలుగేళ్ల పాట్లకు, అతను కోరుకున్న మెరుపు ఒకే ఒక్క ఆడఎలుకకు వచ్చింది. పది రోజుల్లో దాన్ని బెంగళూరు ప్రదర్శనకు తీసుకుపోవాలి.

"మెరుపు తగ్గిండాది మేడం," అన్నాడు.

ఊపిరి విన్నాను, తూకం వేశాను, పళ్లు చూశాను. ఏ తేడా లేదు. బయట రెండు బర్రెలు కాచుకుని ఉన్నాయి, నాకు కాలు నిలవడం లేదు.

"ఇదేమన్నా చీరా, మెరుపు తగ్గడానికి? బాగానే ఉంది, తీసుకుపో."

"తింటాండాది, తిరగతాండాది. కానీ నా కన్ను ఒప్పుకోల్యా మేడం."

చీటీ మీద 'నార్మల్' అని రాసి పంపేశాను. పంపానే గానీ ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. పట్టుపోగుల్లో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి మాట కొట్టిపారేశానే అని ఒకటే పీకులాట. మర్నాడు ఉండబట్టలేక వాళ్లింటికే వెళ్లాను.

గది తలుపు తీయగానే ముక్కు అదిరిపోయింది. కలరా ఉండలు! వాళ్లమ్మ వారం కిందట చీరల పెట్టెను ఎలుకల బోన్ల పక్కకు జరిపిందట.

"పట్టుకు పురుగు పడతాది గదమ్మా, రెండు గుప్పెళ్లు ఏసినా," అందామె.

రమణ తెల్లబోయాడు. "పుట్టినప్పట్నుంచీ ఇంట్లో ఇదే వాసన మేడం. నాకు తెలీనే ల్యా."

ఆ ఘాటు చిన్న ప్రాణుల ఊపిరితిత్తుల్నీ రక్తాన్నీ దెబ్బతీస్తుంది. బోన్లన్నీ వరండాలోకి మార్చాం. మిగతావి కోలుకున్నాయి. ఆ ఆడఎలుక మాత్రం రెండో రోజు నా చేతుల్లోనే పోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. నా వేళాకోళం అంత పని చేసింది. సిగ్గుతో ఏడ్చాను. రమణ బెంగళూరు పోలేదు.

పరీక్షలో ఏమీ దొరకలేదంటే జబ్బు లేదని కాదు, నాకు దొరకలేదని. అది నేర్చుకున్నాననే అనుకున్నాను. మూడు నెలల తర్వాత రమణ, చచ్చిపోయినదాని చెల్లెలికి పుట్టిన పిల్లను తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా చెయ్యి అలవాటుగా స్టెతస్కోపు మీదికి పోయింది.

"గొట్టం తర్వాత పెడుదురు మేడం," అన్నాడు. "ముందు నేను చెప్పేది ఇనండి."