పటేలు పిట్టరోగాలు

లోకంలో ఉన్న రోగాలన్నీ పిట్టల వల్లే వస్తాయని జగపతి పటేలు అనేవాడు. ఎవరికి పన్ను నొప్పి వచ్చినా, నడుము పట్టినా, ఎద్దు మేత మానేసినా, చివరికి కోడలు అత్తతో మాట్లాడడం మానేసినా, ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "పొద్దుగాల ఏ పిట్ట కింద నుంచి నడిచినవ్?"

ఎండైనా వానైనా ఆయన తల మీద నల్ల గొడుగు ఉండాల్సిందే. పెళ్లి పందిట్లో ఎడమ చేత్తో గొడుగు పట్టుకుని కుడి చేత్తో పప్పన్నం కలుపుకునే మనిషిని తరిగొప్పుల చుట్టుపక్కల ఇంకెక్కడా చూసి ఉండరు. "పందిట్లకు పిట్ట ఎట్లొస్తది పటేలా?" అని పెళ్లికొడుకు తండ్రి అడిగితే, "రోగం నిన్నడిగి వస్తదా?" అన్నాడట.

దసరానాడు ఊరంతా పాలపిట్టను చూడటానికి చేలల్లోకి పోతే పటేలు కూడా పోయేవాడు. కానీ మూతికి తువ్వాలు చుట్టుకుని, గొడుగు చాటు నుంచి చూసి, అక్కడి నుంచే ఒక నమస్కారం పెట్టేవాడు. "దేవుని పిట్టే గానీ, దూరం దూరమే," అనేవాడు.

తండాలో ఉండే సోమ్లీకి ఈ రోగాల చిట్టా మొత్తం నోటికి వచ్చు. పొద్దున్నే పటేలు ఇంటికి బర్రెపాలు తెచ్చి పోసేది ఆమే. పాలు పోయడం గేటు దగ్గరే. గేటు లోపలికి ఆమెనే కాదు, ఊళ్లోవాళ్లను ఎవ్వరినీ రానిచ్చేవాడు కాదు.

"పిచ్చుకకు పొడిదగ్గు. గువ్వకు చలిజ్వరం. గోరింకకు గజ్జి. యాది పెట్టుకో సోమ్లీ."

"మరి గుడ్లగూబకు పటేలా?"

"నిద్ర పట్టకపోవుడు."

"కొక్కెరకు?"

పటేలు గొంతు తగ్గించేవాడు. "దాని సంగతి అడగకు. దానికి అన్నీ ఉన్నయ్."

కొక్కెర మాట రాగానే గొంతు తగ్గించడానికి కారణం లేకపోలేదు. ఊరి చివర, చెరువు వైపు ఉన్న ఆయన ఇంటి ఆవరణలో మూడు పెద్ద చింతచెట్లున్నాయి. ప్రతి చలికాలం ఎక్కడి నుంచో కొక్కెరలు వచ్చి వాటి మీద గూళ్లు పెట్టేవి. తెల్లటి ఒళ్లు, రెక్కల మీద నల్ల చారలు, తోక దగ్గర గులాబీ రంగు, పసుప్పచ్చటి పొడవాటి ముక్కు. పెద్దవి పెద్దగా అరవవు, ముక్కులు టకటకలాడిస్తాయి. వాటి పిల్లలు మాత్రం ఆకలికి ఊరంతా వినబడేటట్టు అరుస్తాయి. చెరువులో చేపలు పట్టుకొచ్చి వాటి నోట్లో పోయడంతోనే పెద్దవాటి పొద్దు గడిచిపోతుంది. చెట్ల కింద సున్నం కొట్టినట్టు తెల్లటి రెట్ట, నీచు వాసన. ఆ వాసనకు చుట్టాలు రావడం మానేశారు. హనుమకొండలో ఉద్యోగం చేసే తమ్ముడు వెంకట్రాం ఒకసారి వచ్చి, ముక్కు మూసుకుని అన్నం తిని, మళ్లీ రాలేదు.

పటేలు భార్య ప్రమీలమ్మ అరవై తొమ్మిదిలో పోయింది. తెలంగాణ ఉద్యమం జరుగుతున్న ఏడాది అది. పిల్లలు లేరు. ఆయనకు ఈ పిట్టల పిచ్చి పట్టింది కూడా ఆ ఏడాదే కనుక, "పెండ్లాం పోయిన దుఃఖంల మతి చెడ్డది పాపం," అని ఊరు ఒక తీర్పు చెప్పుకుని ఊరుకుంది. నవ్వేవాళ్లు, కానీ ఎదురు చెప్పేవాళ్లు కాదు. తల్లులు మాత్రం ఎందుకైనా మంచిదని పిల్లల్ని ఆ చింతల వైపు పోనిచ్చేవాళ్లు కాదు.

సోమ్లీకి ఇంకొకటి కూడా తెలుసు. పాలు పోయడం ఎంతసేపు? కానీ పటేలు రోగాల మాట ఎత్తితే చెంబు చేతిలో పట్టుకుని అలా చెబుతూనే ఉండేవాడు. ఆమె కదలబోతే ఇంకో పిట్ట గుర్తొచ్చేది. ఆ మాటలు అయిపోయి గేటు పడిందంటే మళ్లీ మర్నాటి పొద్దు వరకు ఆ ఇంట్లోంచి మనిషి గొంతు వినిపించదు. అది తెలిసి, ఆమె కూడా తొందరపడేది కాదు. ఆమెకు మాత్రం తండాలో ఎవరున్నారు? భర్త జాల్యా పోయాడు. కూతురు గంగిని మరిపెడ దిక్కు ఇచ్చింది. గుడిసె నిండా ఉన్నవి కోళ్లే. పొద్దున లేపేది కోడి, సాయంత్రం ఎదురొచ్చేది కోడి, ఆమె తిట్లు పడేది కోడి.

ఎనభై మూడులో శివరాత్రి దాటి, ఎండలు ముదురుతుండగా ఊళ్లో కోళ్లకు తెగులు తగిలింది. పొద్దున బాగానే ఉన్న కోడి మధ్యాహ్నానికి రెక్కలు వాల్చేది. పచ్చగా పారేది. నోరు తెరిచి గాలి కోసం గురగురలాడేది. మెడ వంకర తిరిగి పడిపోయేది. సోమ్లీ కళ్ల ముందే ఒక్కొక్కటి పోయాయి. చివరికి గంప కింద ఒక్క పొదుగు పెట్ట మిగిలింది. కోడి కూయని పొద్దు ఎట్లా ఉంటుందో ఆమెకు మొదటిసారి తెలిసింది. గుడిసెలో అంత చప్పుడు లేకుండా ఆమె ఎన్నడూ లేదు.

ఆ తెగులును అందరూ కొక్కెర రోగం అంటారు. ఆ పేరే కొంప ముంచింది.

"రోగం పేరే కొక్కెర!" అన్నాడు వడ్రంగి సారయ్య, చాయ్ హోటల్ ముందు నిలబడి. "ఊళ్లె కొక్కెరలున్నది పటేలు చింతల మీద. ఇంకేం సాక్ష్యం గావాలె? పటేలు ఇన్నేండ్ల సంది మొత్తుకుంటనే ఉండె. మనమే ఇనలె!"

గొడ్డళ్లు బయటికి వచ్చాయి. సోమ్లీ అందరికంటే ముందు నడిచింది.

గేటు చప్పుడుకు పటేలు గొడుగు తెరుచుకుని బయటికి వచ్చాడు. "ఏంది, ఊరు ఊరంత ఇటే వచ్చిన్రు?"

సారయ్య గొడ్డలి చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. "పటేలా, ఇన్నేండ్లు నిన్ను చూసి నవ్వినం. తప్పయింది. నువ్వు చెప్పిందే నిజం. పిట్టలే రోగం తెచ్చినయ్. జర పక్కకు జరుగు, చెట్లు కొట్టేస్తం. నీకు గూడ పీడ వోతది."

తన మాట ఊరు నమ్మడం పటేలు జీవితంలో అదే మొదటిసారి. ఆయన మొహంలో రక్తం చుక్క లేదు.

"కొక్కెరలకు రోగాలు లేవు," అన్నాడు.

"నిన్నటిదాంక అన్నీ ఉన్నయంటివి గదా?"

"నయమైనయ్."

"ఎప్పుడు?"

"మొన్న."

"ఎవరు నయం జేసిన్రు?"

పటేలు పైకి చూశాడు. గొడుగు బట్ట తప్ప ఇంకేం కనిపించలేదు. "వాటంతల అవే," అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. సోమ్లీ నవ్వలేదు. "నా కోళ్లు చచ్చినయ్ పటేలా. నాతోని గూడ పరాచికాలా?" అంది. ఆ మాటకు పటేలు గొడుగు దించాడు. ముడిచాడు. ఆయన తల నెరిసి ఉందని, నడినెత్తిన బట్టతల పడిందని ఊరికి ఆ రోజే తెలిసింది.

"అబద్ధం చెప్పిన సోమ్లీ."

"ఏది అబద్ధం?"

"అన్నీ."

"పిచ్చుక దగ్గు?"

"అబద్ధం."

"గోరింక గజ్జి?"

"అబద్ధం."

"మరి నా నడుం నొప్పి?" అన్నాడు సారయ్య ఆత్రంగా.

"అది నీదే."

సారయ్యకు ఆ జవాబు నచ్చలేదు. గేటు తోశాడు. అతని పక్కనుంచి సోమ్లీయే ముందు లోపలికి అడుగు పెట్టింది, పెట్టి, అక్కడే ఆగిపోయింది.

చింతల కింద, కొమ్మకూ కొమ్మకూ నడుమ చీరలు కట్టి ఉన్నాయి, ఉయ్యాలల్లాగా. ఎండకు వెలిసిపోయి, రెట్టకు తెల్లబడి, అక్కడక్కడా అతుకులు వేసిన చీరలు. ఒకదాని అంచు ఆమె గుర్తుపట్టింది. ఆకుపచ్చ మీద ఎర్ర గళ్లు. ప్రమీలమ్మ కట్టుకుంటే చూసింది. ఆ చీరలో ఒక కొక్కెర పిల్ల, గూట్లోంచి జారిపడ్డది, బోర్లా పడుకుని అరుస్తోంది. కింద ముక్కాలి పీట, దాని మీద గిన్నెలో చిన్న చేపలు.

పటేలు అందరినీ మరిచిపోయి పీట ఎక్కాడు. చేప తీసి పిల్ల నోటికి అందించాడు. పైనుంచి ఒక కొక్కెర ఆయన భుజం మీద రెట్ట వేసింది. ఆయన తుడుచుకోలేదు. తుడుచుకోవాలని ఆయనకు తోచినట్టు కూడా లేదు.

"ఉద్యమం నడిచిన ఏడాది బడులు మూసిన్రు గద," అన్నాడు అటు తిరిగే. "ఊళ్లె పోరగాండ్లందరు గులేర్లు పట్టుకొని ఇక్కడ్నే. రాళ్లతోని కొట్టి కొక్కెర పిల్లలను రాలగొట్టిన్రు. ఆమె అప్పటికే మంచంల ఉండె. కిటికీల నుంచి చూసి ఏడ్చేది. ఉరికొచ్చి తిట్టబోతె నన్నాపింది. పిట్టలకు దెబ్బ తగలొద్దు, పోరగాండ్లకు తిట్టు తగలొద్దు అన్నది. గట్లెట్ల అయితది? నాకింకేం తోచలె. రోగాలున్నయని చెప్పిన."

"మరి గొడుగెందుకు?"

"గొడుగు లేకుంటె ఎవరు నమ్ముతరు?"

ఆ గులేరు పోరగాండ్లలో కొందరు ఇప్పుడు మీసాలు పెంచి గొడ్డళ్లు పట్టుకుని అక్కడే ఉన్నారు. వాళ్లు కాళ్ల వైపు చూసుకున్నారు. సోమ్లీకి మాత్రం కోపం ఇంకా దిగలేదు.

"పిట్టలకు చీరలు కట్టినవ్. మంచిగనే ఉన్నది. మా కోళ్లకేం జేసినవ్?"

పటేలు పీట దిగాడు. "రేపు పొద్దు గూకేదాంక ఆగున్రి. అప్పటికి నేనేం చెయ్యకుంటె చెట్లు మీవి," అన్నాడు. చెప్పులేసుకుని, గొడుగు మరిచిపోయి, జనగామ బస్సు కోసం నడిచాడు.

మర్నాడు ఐసు పెట్టిన ఫ్లాస్కుతో, జనగామ పశువుల దవాఖాన డాక్టరుతో బస్సు దిగాడు. డాక్టరు సంజీవ కుర్రవాడు, ఓపికమంతుడు. రెండు చచ్చిన కోళ్లను చూసి తల ఊపాడు.

"అడవి పిట్టలకు రోగాలుండయని నేను చెప్ప. కొన్నిటికి ఉంటయ్. చచ్చిన పిట్టను ఉత్త చేతులతో ముట్టొద్దు. కానీ మీకిది అంగడి నుంచి వచ్చినట్టున్నది. రోగం తగిలిన కోడిని అగ్గువకు అమ్ముతరు, మీరు కొనుక్కొస్తరు. చచ్చినంక చెరువుకట్ట మీద పారేస్తరు. కుక్క దాన్ని ఇంకో వాడకు మోస్తది. ముందు పూడ్చిపెట్టున్రి. మంచిగున్నవాటికి సూదులేస్త."

"మరి పేరు కొక్కెరనే గదా సారూ?" సారయ్య వదలలేదు.

"నీ పేరుగల్లోడు మరిపెడల ఇంకొకడుంటడు. వాడు మేకను దొంగతనం జేస్తె నిన్ను పట్టుకపోవాల్నా?"

సారయ్య కొంచెం ఆలోచించి, గొడ్డలి ఇంటికి పంపించాడు.

ఆ రోజు ఊరు చూసిన వింత టీకాలు కాదు. పిట్ట నీడ పడితే గొడుగు తిప్పుకునే పటేలు, ఇల్లిల్లూ తిరిగి కోళ్లను పట్టాడు. కంపల్లో దూరాడు, గడ్డివాము ఎక్కాడు. ఎంతటి గయ్యాళి పెట్టైనా ఆయన చంకలోకి రాగానే ఊరుకునేది. రెక్క మెల్లగా విప్పి డాక్టరుకు పట్టేవాడు, చంటిపిల్ల చెయ్యి పట్టినట్టు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "పటేలా, గజ్జి వస్తది!" అని పోరగాండ్లు వెంటపడ్డారు. జన్మలో ఆయన వెంట అంతమంది నడవడం అదే మొదలు. వాడకట్టు మధ్యలో నిలబడి, ఇక అబద్ధమాడనని చెంపలేసుకున్నాడు.

టీకా అందేసరికే ఒంట్లో రోగం ఉన్న కోళ్లు పోయాయి. మిగిలినవి నిలిచాయి. సోమ్లీ పొదుగు పెట్ట నిలిచింది. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన రోజు సోమ్లీ గంప పక్కనే కూర్చుని చాలాసేపు వాటి కిచకిచలు వింది.

చెట్లు కూడా నిలిచాయి. కానీ సోమ్లీకి కొత్త చిక్కు వచ్చిపడింది. "నువ్వెందుకు మొయ్యాలె, నేనే వస్త," అంటూ పటేలు చెంబు పట్టుకుని పొద్దున్నే తండాకు రావడం మొదలుపెట్టాడు. చెప్పడానికి రోగాలు లేవు కనుక, ఉన్న మాటలన్నీ చెప్పేవాడు. కొక్కెర తల్లి మధ్యాహ్నం పూట రెక్కలు పరిచి పిల్లలకు నీడ ఎట్లా పడుతుందో, చెరువు నుంచి నీళ్లు ముక్కులో తెచ్చి వాటి మీద ఎట్లా పోస్తుందో, ప్రమీలమ్మ వంకాయ ఎట్లా వండేదో. సోమ్లీ చాయ్ పెట్టేది, పేడ ఎత్తేది, వింటుండేది. అటు పోయే ఆడవాళ్లు ఆగి వినేవాళ్లు. "పాలు పోసుడు జరసేపు, పటేలును పంపుడు జాముసేపు," అని ఆమె తండా అంతటికీ ఫిర్యాదు చేసేది. కానీ ఆయన రావడం ఆలస్యమైతే దారి వైపు చూసేది.

చలికాలం కొక్కెరలు మళ్లీ వచ్చిన కొత్తలో, ఒక పొద్దున తండా ముందు జీపు ఆగింది. నల్ల కళ్లద్దాల వాళ్లు ఇద్దరు, వెనక సీట్లో తుపాకీ.

"ఇక్కడెక్కడో చింతచెట్ల మీద పెద్ద పెద్ద కొంగలు దిగుతాయంట కదా. ఎటు పోవాలి?"

పటేలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నోరు తెరిచాడు. చెంపలేసుకున్నది గుర్తొచ్చింది. మూశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం సోమ్లీ చూసింది.

ఆమె పేడ చేతులతోనే జీపు దగ్గరకు నడిచింది. "పోండ్రి సారూ, గీ బాటే. ఒక్క ముచ్చట. దారిల గాలి మీదికొస్తె మూతి మూసుకోన్రి. పోయిన యాడాది గట్లనే ఒక సారు వచ్చిండు. ఇగో, మెడ గిట్ల తిరిగింది," అని తన మెడ పక్కకు వంచి, నాలుక బయట పెట్టి, గురగురమని శబ్దం చేసింది. "ఇప్పటిదాంక నిటారు కాలె. ఆయన పెండ్లాం పుట్టింటికి వోయింది."

కళ్లద్దాల వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. పెండ్లాం ముచ్చట బాగా పనిచేసినట్టుంది. జీపు వెనక్కి తిరిగి, దుమ్ము లేపుకుంటూ రఘునాథపల్లి రోడ్డు పట్టింది.

"ఎంత పెద్ద అబద్ధం సోమ్లీ!" అన్నాడు పటేలు, నోరు తెరుచుకుని.

"నువ్వు గద ఒట్టు వెట్టుకున్నది, నేను గాదు," అంది సోమ్లీ చేతులు కడుక్కుంటూ. "చాయ్ సల్లారుతున్నది, తాగు."